తెలిసిన ముఖమే గట్టి పరీక్ష

హైదరాబాద్ అమీర్‌పేటలో ఇప్పుడు ఏఏఏ సినిమాస్ ఉన్నచోట ఒకప్పుడు సత్యం థియేటర్ ఉండేది. ఆ పేటలోనే సారథీ స్టూడియోస్. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడే తీశారు. ఫ్లెక్సీలు రాకముందు నగరంలో సినిమా హాళ్ల ముందు లేచిన బ్యానర్లు, కటౌట్లు మనుషులు చేత్తో వేసినవే. బొమ్మలు నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఆ బ్యానర్ పెయింటర్ల పద్ధతి కంటే మంచి బడి ఇంకోటి నాకు కనిపించదు.

చెక్క ఫ్రేముకు గుడ్డ బిగిస్తారు. చేతిలో ఉండేది అరచేయంత స్టిల్. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, దారానికి రంగుపొడి పట్టించి లాగి కొట్టి, గుడ్డ మీదా అన్నే గళ్లు పెద్దవిగా వేస్తారు. ఏ గడిలో కనుకొస ఉందో, ఏ గడి అంచున పెదవి తెగుతుందో చూసి బొగ్గుతో గీతలు పెడతారు. తర్వాత లిన్సీడ్ నూనెలో కలిపిన రంగులు. ముందు నీడలు, వాటి మీద మధ్య రంగు, చివర ముక్కు మీదా నుదుటి మీదా వెలుగు. ఒకప్పటి స్టిల్స్ చాలావరకు నలుపు తెలుపులే కనుక చెంపకు ఏ గులాబీ, మెడ నీడకు ఏ నీలం అన్నది పెయింటరే తేల్చుకోవాలి. దగ్గర నుంచి చూస్తే మొరటు దెబ్బల్లా కనిపించే ఆ రంగులు రోడ్డు అవతల నుంచి చూస్తే ముఖమవుతాయి. అందుకే నాలుగు దెబ్బలు వేయడం, వెనక్కి నడవడం, కళ్లు సగం మూసి చూడటం. కొత్తగా చేరిన కుర్రాడు బ్రష్షులు కడిగి, రంగులు కలిపి, బట్టలూ ఆకాశమూ నింపేవాడు. ముఖం మాత్రం గురువుదే.

ముఖానికి అంత విలువ ఎందుకంటే అది అందరికీ తెలిసినది. చెట్టుకు ఒక కొమ్మ ఎక్కువైతే ఎవరూ అడగరు. ఎన్టీఆర్ కన్ను వెంట్రుకవాసి జరిగితే టికెట్ల లైన్లో నిలబడ్డ ప్రతివాడూ పట్టేస్తాడు. పోలిక కంటిలోనో ముక్కులోనో విడిగా ఉండదు. ముక్కుకూ పై పెదవికీ మధ్య ఎంత జాగా, ఒక కన్నుకు రెండోది ఎంత వాలింది, అన్న లెక్కల్లో ఉంటుంది. ఫొటోను తలకిందులుగా పెట్టి గీస్తే ఈ లెక్కలు బాగా తెలుస్తాయి. అప్పుడు మనసు హీరోను మరచి, ఆకారాలను చూస్తుంది.

అయితే స్టిల్‌తోనే ఆగిపోకూడదు. కెమెరాకు నవ్విన ముఖం సగం పాఠమే. మిగతా సగం, అంటే కదిలే మనిషిని గీయడం, సంగీత విద్వాంసుల దగ్గర దొరుకుతుంది. కర్ణాటక సంగీతంలో వయొలిన్ ఒక కొస ఎడమ భుజం దగ్గర, రెండో కొస కుడి పాదం మీద ఆనుతాయి. ఆ ఏటవాలు గీత తప్పితే ముఖం ఎంత కుదిరినా మనిషి వాయిస్తున్నట్టు ఉండదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని గీయాలనుకునేవారికి ఇంకో చిక్కు: నల్ల కళ్లద్దాలు. కళ్లు అందకపోతే పోలికను నుదురు, దవడ, తల వంపుల్లో వెతకాలి. ఇక గాయకుడైతే స్వరం పైకి పోతున్నప్పుడు మెడ నరాలు, కనుబొమలు, గాలిలో లేచిన చెయ్యి అన్నీ కదులుతూనే ఉంటాయి. ఏది ఉంచాలో, ఏది వదలాలో క్షణంలో నిర్ణయించుకోవాలి. ఏది వదలాలో బాపుకు తెలిసినంతగా మన చిత్రకారుల్లో మరొకరికి తెలియదని నా నమ్మకం.

సినిమా బొమ్మల దారిలో నడిచినవారు చిన్నవాళ్లు కారు. ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేస్తూ చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాతి రోజుల్లో హైదరాబాద్‌లోనే ‘సినిమా ఘర్’ అనే మ్యూజియం పెట్టాడు. పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్ ‘సాక్షి’ నుంచి వందల సినిమాలకు పోస్టర్లు వేసి, ఆ పని గురించి ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకమూ రాశారు.

ఇవాళ అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గ్రాఫిక్స్, యానిమేషన్ నేర్చుకునే పిల్లలకు తెరమీద రంగు ఒక్క నొక్కుతో వస్తుంది. గళ్లు, నీడలు, మెడ వంపు మాత్రం చేత్తోనే నేర్చుకోవాలి. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కచేరీ ఉన్న సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట మీదుగా లకడీకాపూల్‌లో దిగి, రవీంద్రభారతికి వెళ్లండి. పక్కవాద్యాల చేతులు కనిపించే వైపు కూర్చోండి. చిన్న పుస్తకం, మెత్తటి పెన్సిల్ చాలు, రబ్బరు తీసుకెళ్లొద్దు.