జల్లెడ ఉపమానము - పత్తి పోగు

కణపొరను బోధించేటప్పుడు ఉన్నత పాఠశాలలలో తరచుగా వినిపించే ఉపమానము జల్లెడ. చిన్న అణువులు దాటిపోతాయి, పెద్దవి నిలిచిపోతాయి అని దాని తాత్పర్యము. రుజువుగా ఒక ప్రయోగము చూపుతారు. పార్చిమెంటు సంచిలో గంజిని, గ్లూకోజు ద్రావణమును కలిపి పోసి నీటిలో వ్రేలాడదీస్తారు. గ్లూకోజు వెలుపలి నీటిలోకి వస్తుంది. గంజి రాదు, ఆ నీటిలో అయోడిన్ చుక్క వేసినా నీలిరంగు కనబడదు.

ప్రయోగములో దోషము లేదు. అణువుల పరిమాణ భేదమును అది చక్కగా చూపుతుంది. దోషమంతా దాని నుండి తీసే సిద్ధాంతములో ఉన్నది. కణపొర పార్చిమెంటు వంటిది కాదు. అది ముఖ్యముగా కొవ్వు పదార్థముల పొర. అందులో మాంసకృత్తులు పొదిగి ఉంటాయి. చిన్నదైన గ్లూకోజు సైతము ఆ కొవ్వును తనంతట తాను దాటుట అరుదు. మాంసకృత్తులే దానికి దారి ఇవ్వాలి.

ఇక పెద్ద అణువుల మాట. ఆదిలాబాదు జిల్లా బోథ్ ప్రాంతపు విద్యార్థికి దీనికి సాక్ష్యము పత్తి చేలోనే ఉన్నది. ఒక్కొక్క పత్తి పోగు, గింజ పైపొర నుండి పొడవుగా సాగిన ఒకే కణము. పక్వమైన పోగులో నూటికి 90 పాళ్లు, అంతకు మించి కూడ సెల్యులోజే. వేలాది గ్లూకోజులు గొలుసుగా కూడిన ఈ బృహదణువు ఉండేది కణపొరకు వెలుపల. జల్లెడ సూత్రమే నిజమైతే కాయ పగిలినప్పుడు దూది కనబడకూడదు.

గొలుసు లోపల పూర్తిగా తయారై, పిదప పొరను దాటుట లేదు. పొరలో ఉన్న సెల్యులోజ్ సింథేజ్ అనే మాంసకృత్తు, లోపలి వైపున ఒక్కొక్క గ్లూకోజును గొలుసు కొనకు అతికిస్తుంది. అతికిన కొద్దీ గొలుసు ఆ మాంసకృత్తులోని సన్నని సొరంగము గుండా వెలుపలికి జరుగుతుంది. రాట్నము మీద వడికే కొద్దీ నూలు సాగినట్లే ఇదీను. పత్తిలో ఈ మాంసకృత్తుకు సంబంధించిన జన్యువులను 1996లో గుర్తించారు. బాక్టీరియాలో దాని నిర్మాణము, అందులోని సొరంగముతో సహా, 2013లో వెల్లడి అయినది. మొక్కలలోని నిర్మాణము 2020లో తెలిసినది.

పెక్టిన్ వంటి శర్కరలది వేరే దారి. అవి లోపలే తయారై, చిన్న తిత్తులలో పొర వద్దకు చేరుతాయి. తిత్తి పొరలో కలిసిపోగా సరుకు వెలుపల పడుతుంది.

కనుక ప్రయోగమును మాననక్కరలేదు. అది ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు విద్యార్థి చేతిలో కొంచెము దూది పెట్టి, "ఇది ఎట్లు బయటికి వచ్చినది?" అని అడగాలి. అడగకపోతే, రోజూ కంటికి కనబడే దానిని కాదని పుస్తకములోని జల్లెడనే నమ్మడము పిల్లలకు అలవాటవుతుంది. విజ్ఞానశాస్త్ర బోధనకు అంతకు మించిన నష్టము లేదు.