వేప మీది తీగ, గడ్డిమైదానపు వేరు

తిప్పతీగను తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. చేను గట్టు మీది వేపచెట్టును అల్లుకుని, తమలపాకును పోలిన ఆకులతో, కిందికి దారాల్లా వేలాడే ఊడలతో కనిపించే తీగ అది. కోసి కంచె మీద పడేసినా ఎండిపోదు, గాలిలోనే చిగురు తొడుగుతుంది. వేప మీద పాకినదే మందుకు మేలని పెద్దల మాట. జ్వరం తగిలితే దాని కాడను నలగ్గొట్టి, శొంఠీ నేలవేమూ చేర్చి కషాయం కాచుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే అమృతారిష్టంలోనూ ముఖ్యమైన దినుసు ఇదే. కరోనా రోజుల్లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన మూలికల్లో ఇదీ ఉండటంతో, అంతవరకు దీని మొహం చూడనివాళ్లు కూడా పొద్దున్నే పరగడుపున దీని రసం తాగారు.

దీని పక్కన నిలబెట్టి చూడదగిన మొక్క ఎకినేషియా. ఉత్తర అమెరికా నడుమ పరచుకున్న గడ్డిమైదానాలు దాని పుట్టిల్లు. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. ఊదారంగు రేకులు కిందికి వాలి, మధ్య భాగం ముళ్లతో ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. డాలస్‌లోనో చికాగోలోనో ఉంటున్న మనవాళ్లు దాన్ని పెరట్లో పూలమొక్కగానో, మందుల దుకాణంలో జలుబు మాత్రగానో చూసే ఉంటారు. ఇవాళ ఈ రెండు మొక్కలూ ఒకే మాట కింద అమ్ముడవుతున్నాయి: రోగనిరోధక శక్తిని పెంచేవి. కానీ అవి ఆ మాట దాకా నడిచి వచ్చిన దారులు వేరు. ఆ దారుల్లో ఏం జారిపోయిందో చూడటం నాకు ముఖ్యం.

లకోటా, షయెన్, పానీ వంటి మైదాన జాతులకు ఎకినేషియా వేరు గాయానికి మందు. పంటి నొప్పికి నమిలేవారు, గొంతు పుండైతే చప్పరించేవారు, విషపురుగు కుట్టిన చోట నూరి పెట్టేవారు. మిస్సోరీ నది ప్రాంతపు ఆదివాసుల మొక్కల వాడకం మీద మెల్విన్ గిల్మోర్ 1919లో ప్రచురించిన గ్రంథంలో, పాముకాటుకూ ఇతర విషపు కాట్లకూ దీన్ని అందరూ వాడేవారని నమోదు చేశాడు. విషానికి అది విరుగుడు కాదని ఇప్పుడు తెలుసు. నొప్పి మాటకు మాత్రం ఆధారం ఉంది. మన కొట్లలో దొరికే అక్కలకర్ర నమిలి చూసినవాళ్లకు ఆ వేరు ఎలా ఉంటుందో వివరించనక్కర్లేదు: నాలుక చిమచిమలాడి, కాసేపటికి తిమ్మిరెక్కుతుంది. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు, రెండింటిలోనూ ఉన్నవి ఆల్కమైడ్లనే ఒకే జాతి రసాయనాలు. ఇక్కడ అక్కలకర్రనూ అక్కడ ఎకినేషియానూ ఒకరినొకరు ఎరగని రెండు సమాజాలు ఒకే పంటి కింద పెట్టుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందం కలిగించే సంగతి.

మైదానాల వేరు గాయాన్ని చూస్తే, తిప్పతీగ మనిషిని చూసింది. సంస్కృతంలో గుడూచి అని పిలిచే ఈ తీగను చరకుడు రసాయన ప్రకరణంలో, అంటే ఒంటిని నిలబెట్టే మందుల ప్రకరణంలో, మేధను పెంచే నాలుగు ద్రవ్యాల్లో ఒకటిగా చేర్చాడు. అదే గుడూచి జ్వర చికిత్సలోనూ, వాతరక్తమనే కీళ్ల జబ్బు చికిత్సలోనూ కనిపిస్తుంది. అయినా రసాయనమన్నాక దానికో క్రమం ఉంది. శరీరశుద్ధి కాకుండా రసాయనం ఫలించదని సుశ్రుతుడి నియమం. వయసు, జీర్ణశక్తి, ఋతువు చూసి గానీ వైద్యుడు చేతికివ్వడు. శరీరాలన్నీ రోగాన్ని సమానంగా తట్టుకోలేవని చరకుడు సూత్రస్థానంలోనే చెప్పాడు. మరీ లావైనవారికి, మరీ చిక్కినవారికి, పడని తిండితో పెరిగినవారికి ఆ ఓర్పు తక్కువని వివరించాడు. పదకొండో శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు ఆ ఓర్పును రెండుగా విడదీశాడు: వచ్చిన రోగం బలాన్ని ఎదిరించడం ఒకటి, రోగాన్ని అసలు పుట్టనివ్వకపోవడం రెండోది. సూక్ష్మక్రిముల ఊసు లేని కాలంలో ఇంత తేటగా ఆలోచించడం గొప్ప విషయం. అయితే ఆ విభజనలో నేటి ఇమ్యునాలజీ అంతా ఉందనడం అతిశయోక్తి. చక్రపాణిని పొగడటానికి ఆ అతిశయోక్తి అవసరం లేదు.

మొక్క చేతులు మారిన తీరులోనూ తేడా ఉంది. తిప్పతీగకు గ్రంథాలు తోడున్నాయి, అలాగే ఊరి మనుషుల చేతులూ తోడున్నాయి. ఎకినేషియా మాత్రం తన మనుషుల నుంచి విడిపోయి పైకొచ్చింది. నెబ్రాస్కాలో మేయర్ అనే మందుల వ్యాపారి రక్తశుద్ధి మందుగా దాన్ని అమ్ముతూ, 1880లలో సిన్సినాటిలోని వైద్యుడు జాన్ కింగ్‌కూ, ఔషధ తయారీదారు జాన్ ఉరీ లాయిడ్‌కూ పంపాడు. గిలకపాము చేత కరిపించుకుని చూపిస్తానని కూడా ప్రతిపాదించాడు. లాయిడ్ సోదరుల కంపెనీ చేతిలో అది మొక్కల మందులు వాడే అమెరికన్ వైద్యుల అభిమాన ఔషధమైంది. యాంటీబయాటిక్స్ వచ్చాక అక్కడ మూలన పడింది. ఈలోగా జర్మనీలో గెర్హార్డ్ మడౌస్ దాన్ని పెంచి, రసం తీసి, కొత్త జీవితం ఇచ్చాడు. ఇన్ని చేతులు మారినప్పుడు వేరు వెంట వచ్చింది గానీ, దాన్ని ఎప్పుడు నమలాలో తెలిసిన లకోటా వైద్యురాలి నేర్పు వెంట రాలేదు.

ఈ రెండు మొక్కలూ శరీరంలో ఎవరిని పలకరిస్తాయో తెలియాలంటే ఇమ్యునాలజీ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. అక్కడా ఇద్దరు మనుషులు, రెండు పక్షాలు. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరాన ఇల్యా మెచ్నికోఫ్ నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాటికల్లా కదిలే కణాలు దాని చుట్టూ మూగడం చూశాడు. రక్షణ అంటే మింగేసే కణాలే అన్నాడు. బెర్లిన్‌లో పాల్ ఎర్లిష్ అందుకు భిన్నంగా, రక్షణ రక్తరసంలోని యాంటీబాడీల్లో ఉందన్నాడు. 1908లో నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కాలం ఇద్దరినీ సమర్థించింది. చర్మం, చీమిడి, భక్షక కణాలు, జ్వరం మొదటి వరుస. శత్రువు పేరు తెలియకపోయినా గంటల్లో పని మొదలుపెడతాయి. అవి తెచ్చిన సమాచారం అందుకుని శోషరస గ్రంథుల్లో రెండో వరుస సిద్ధమవుతుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళలో జరిగేది ఇదే. శత్రువుకు సరిగ్గా సరిపోయే టి, బి కణాలు అక్కడ ఎంపికై, వేలుగా లక్షలుగా పెరుగుతాయి. ఇందుకు కొన్ని రోజులు పడుతుంది. పని ముగిశాక వాటిలో కొన్ని జ్ఞాపకంగా మిగులుతాయి.

మన రెండు మొక్కలూ ప్రధానంగా మాట కలిపేది మొదటి వరుసతో. భక్షక కణాల పైపొర మీద టోల్ తరహా గ్రాహకాలుంటాయి. కొన్ని రకాల బాక్టీరియా పైపొరలో ఉండే పదార్థాన్ని పసిగట్టేది వాటిలో నాలుగోది. ఈ తరహా గ్రాహకాల శోధనకే 2011లో బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకు నోబెల్ దక్కింది. తిప్పతీగ కాడలోని ఒక పాలీశాకరైడ్ ఈ నాలుగో గ్రాహకాన్నే తాకుతుందని ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చూపారు. ఎకినేషియా కణాల నుంచి జర్మన్లు వేరుచేసిన పాలీశాకరైడ్ కూడా భక్షక కణాలను రెచ్చగొట్టేదే. ఆశ్చర్యమేమంటే రెండూ అరాబినోగెలాక్టాన్ అనే ఒకే తరగతికి చెందుతాయి. ఒకటి వేప మీది తీగ, ఇంకొకటి మైదానపు పూలమొక్క, వృక్షశాస్త్రంలో ఏ దగ్గరి చుట్టరికమూ లేదు. అయినా భక్షక కణం ముందు అవి అక్కచెల్లెళ్లు. ఎకినేషియా విషయంలో మరో మెలిక కూడా ఉంది. ఆ వేరులో సహజంగా కాపురముండే బాక్టీరియా అవశేషాలే ఆ ప్రభావంలో పెద్ద భాగానికి కారణమని మిసిసిపీ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. పైగా ఇదంతా గాజుపాత్రలో కణాల మీద చూసింది. నోట్లో పోసుకున్నది పేగు దాటి అదే రూపంలో రక్తంలోకి చేరుతుందని అనుకోకూడదు.

ఈ మొక్కలు చేయలేనిది కూడా ఇక్కడే తేలిపోతుంది. ఫలానా వైరస్‌ను గుర్తుపట్టే జ్ఞాపకాన్ని తిప్పతీగ ఇవ్వలేదు, అలాగే ఎకినేషియా కూడా ఇవ్వలేదు. అది ఆ రోగం వచ్చిపోతే కలగాలి, లేదా టీకాతో రావాలి. కషాయం తాగుతున్నాం కదా అని టీకా మానుకున్నవాళ్లకు ఏ పక్షపాతమూ లేకుండా చెప్పాల్సిన మాట ఇది.

మనుషుల మీద పరీక్షల దగ్గరికొస్తే రెండింటి జాతకాలు తారుమారవుతాయి. ఎకినేషియాకు పరీక్షలు ఎక్కువ, ఫలితం తక్కువ. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 400 మంది ముక్కులో జలుబు వైరస్ వేసి చూస్తే, ఆ వేరు సారం జలుబును ఆపనూ లేదు, తగ్గించనూ లేదు. 2014లో కాక్రేన్ సమీక్ష 24 పరీక్షలను జల్లెడ పట్టి, చికిత్సగా దాని మేలు రుజువు కాలేదని, నివారణలో స్వల్ప ప్రయోజనం ఉంటే ఉండొచ్చని చెప్పింది. ఏ జాతి, వేరా పువ్వా, నీటిలో తీసిందా ఆల్కహాల్‌లోనా అన్నది సీసా సీసాకూ మారుతుంటే తీర్పు తేలడం కష్టం. తిప్పతీగకు పరీక్షలు తక్కువ. కానీ ఒకటి మాత్రం నన్ను వదలదు. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యులు 1993లో ప్రచురించిన చిన్న అధ్యయనం అది. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లతో శస్త్రచికిత్సకు వచ్చిన 30 మందిని తీసుకున్నారు. అలాంటివాళ్లలో భక్షక కణాలు మందగిస్తాయి, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకి ప్రాణాలు పోతాయి. తిప్పతీగ ఇవ్వని గుంపులో సగం మందికి ఆ ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపించాయి, ఇచ్చిన గుంపులో ఒక్కరికీ లేవు. భక్షక కణాల శక్తి కోలుకున్నది కూడా వీళ్లలోనే. 30 మంది సంఖ్య చాలదు, నిజమే. ప్రశ్న మాత్రం ఎంత సరైనది! ఆరోగ్యంగా ఉన్నవాడి శక్తిని ఇంకా పెంచుతుందా అని వాళ్లు అడగలేదు. ఫలానా స్థితిలో కుంగిన ఫలానా రక్షణను లేపి నిలబెడుతుందా అని అడిగారు. శాస్త్రం తెలిసిన ఆయుర్వేద వైద్యుడు అడిగే ప్రశ్నా ఇదే.

హాని దగ్గర కూడా తూకం ఒకేలా లేదు. ఎకినేషియాతో ఎక్కువగా కనిపించేది చామంతి జాతి పడనివాళ్లకు దద్దుర్లూ కడుపు తిప్పడమూ. తిప్పతీగ కథ అంతకంటే గంభీరం. 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న వివరాలు రాశారు. మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యులు ముందుండి, దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు సేకరించారు. వీళ్లలో చాలామందికి వచ్చింది, రక్షణ కణాలే సొంత కాలేయం మీద పడే వ్యాధిని పోలిన వాపు. అది అసలు తిప్పతీగ కాదని, దాన్ని పోలిన మరో జాతి తీగ కావచ్చని ఆయుష్ శాఖ వాదించింది. గుర్తింపులో పొరపాట్లు జరుగుతాయి, ఆ వాదనను కొట్టిపారేయలేం. అలాగే, టోల్ గ్రాహకాన్ని తట్టి లేపే పదార్థాన్ని నెలల తరబడి రోజూ తాగితే, లోపల అణిగి ఉన్న స్వీయదాడి కొందరిలో బయటపడొచ్చన్న వైద్యుల ఆందోళనా కొట్టిపారేయదగినది కాదు. ఆ దాడిని అదుపులో ఉంచే నియంత్రక టి కణాలు మన శరీరంలోనే ఉన్నాయి. వాటి శోధనకు షిమోన్ సకగూచీకి, మేరీ బ్రంకోకు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు 2025లో నోబెల్ వచ్చింది. రక్షణ వ్యవస్థలో లేపేవి ఎన్నో ఆపేవీ అన్ని. పెంచుతామని అమ్మే సీసా మీద ఆ రెండో సగం ప్రస్తావనే ఉండదు.

అందుకే థైరాయిడ్ గ్రంథి మీద సొంత కణాలే దాడి చేస్తున్నవాళ్లు, కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఈ రెండింటిలో దేన్నీ వైద్యుడికి చెప్పకుండా వాడకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా కషాయం ఆ పూటే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. ఇది తిప్పతీగ మీద నిందేమీ కాదు. శుద్ధి, వయసు, కాలం, మోతాదు చూడకుండా రసాయనం ఇవ్వని ప్రాచీన వైద్యుడికి ఈ జాగ్రత్త కొత్తగా అనిపించేది కాదు. పన్ను నొప్పి తగ్గగానే వేరును ఉమ్మేసిన లకోటా మనిషికీ అంతే.

ఎకినేషియాను జలుబు మీద పరీక్షించింది ఇక చాలు. నోటి పుండ్ల మీదా పంటి నొప్పి మీదా, దాని సొంత మనుషులు వాడిన చోట, వాడిన తీరులో పరీక్షించాలి. తిప్పతీగకు కె.ఇ.ఎం. ప్రశ్ననే మళ్లీ వేయాలి: ఈసారి వందల మందితో, పలు ఆసుపత్రుల్లో, తీగ జాతిని ప్రయోగశాలలో నిర్ధారించుకుని, ప్రతి వారం కాలేయాన్ని గమనిస్తూ.