తెర వెనక గజ్జెల మోత

మా దిక్కు పల్లెల్లో నాటకం వేస్తున్నారని అనరు, 'భాగోతం నేర్చుకుంటున్నరు' అంటారు. ఆడేది ఒక్క రాత్రి, నేర్చుకునేది నెలల తరబడి. మంచిర్యాల, లక్షెట్టిపేటల నడుమ గోదావరి ఒడ్డు ఊరు మాది. వరికోతలు అయిపోయాక ఊరంతా చందా వేసుకొని గురువును పిలిపించుకునేవాళ్లం. నేర్చుకునేవాళ్లలో రైతులుండేవారు, మగ్గం నేసేవాళ్లుండేవారు, బొగ్గుబాయికి పోయేవాళ్లుండేవారు. హరిశ్చంద్రుడి వేషం వేసేవాడికి నైట్ షిఫ్టు పడితే ఆ వారమంతా నక్షత్రకుడి పాటలే సాగేవి.

భాగోతమని పిలిచినా మేం నేర్చింది యక్షగానం. మనకు దొరికినంతలో తెలుగులో తొలి యక్షగానం 16వ శతాబ్దంలో కందుకూరి రుద్రకవి రాసిన 'సుగ్రీవ విజయం' అని పండితులు చెబుతారు. పోయిన శతాబ్దంలో చెర్విరాల భాగయ్య వంటి కవులు రాసినవి చౌక పుస్తకాలుగా అచ్చయి ఊరూరికీ చేరాయి. తరాల నుంచి ఇదే బతుకుగా ఆడుతున్న చిందు కళాకారుల స్థాయి వేరు. వాళ్లలో జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మాలాంటి వాళ్లం ఆ ఆటలు చూసి పెరిగి, ఏడాదికోసారి వేషం కట్టినవాళ్లం.

అయినా యక్షగానం కట్టుబడి చూస్తే, కొత్తవాణ్ణి నిలబెట్టడానికే ఇది పుట్టిందేమో అనిపిస్తుంది. పాత్ర ఒక్కసారిగా జనం ముందుకు రాదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని తెర నిలబెడతారు. ముందు గజ్జెల మోత వినబడుతుంది, తెర కింద పాదాలు కనబడతాయి. ఫలానా రాజు వెడలుతున్నాడని ప్రవేశ దరువు అనే పాట సాగుతుంది. తన గురించి తానే మూడో మనిషిలా పాడుకుంటాడు పాత్రధారి. తెర దిగేసరికి వణుకు సగం తగ్గుతుంది. ఆపైన సూత్రధారి ఎదురొచ్చి నువ్వెవరు, ఎందుకొచ్చావని అడుగుతాడు. జవాబు చెబుతూ చెబుతూ మనిషి పాత్రలోకి దిగుతాడు.

ఇక దరువు. జంపె, త్రిపుట, ఆట, ఏక తాళాల్లో నడుస్తుంది. పాత్రధారి ఒక చరణం పాడగానే వంతవాళ్లు దాన్ని అందుకుంటారు, హార్మోనియం, మద్దెల తోడవుతాయి. వాళ్లు పాడినంతసేపూ మనం అడుగు వేస్తాం, ఊపిరి తీసుకుంటాం, వచ్చే చరణం గుర్తు చేసుకుంటాం. మైకు లేని రోజుల్లో తెల్లవార్లూ గొంతు నిలిచిందంటే ఈ వంత వల్లనే. కందార్థమైతే ముందు కందపద్యం, వెంటనే ఆ భావాన్నే విప్పి చెప్పే పాట. పద్యం అందనివాళ్లకు పాట అందుతుంది. చదువు లేనివాడికి పద్యం దూరం కాకూడదనుకున్నారేమో ఆనాటి కవులు. అందుకే అర్థాన్ని కూడా పాటలోనే పెట్టారు.

మా గురువు పుస్తకం విప్పేవాడు కాదు. బొటనవేలితో మోకాలి మీద తాళం వేస్తూ, "ముందు కాలుకు రానియ్యి బిడ్డా, నోటికి అదే వస్తది" అనేవాడు. అక్షరం రాని ఇద్దరు మా బృందంలో పాత్రంతా అలా చెవితోనే పట్టారు.

హరిశ్చంద్ర ఆటలో నాది చంద్రమతి వేషం. కాటి ఘట్టంలో కొడుకు లోహితుణ్ణి ఒళ్లో పెట్టుకొని పాడుతుండగా రెండో చరణం మరిచిపోయాను. గొంతు ఆగిపోయింది. వంతలో ఉన్న మేనమామ తాళం తప్పకుండా మొదటి చరణమే మళ్లీ అందుకున్నాడు. మద్దెల ఆగలేదు. రెండు ఆవర్తాలు తిరిగేలోపు నా పాట నాకు దొరికింది. ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. నేను తప్పిన సంగతి వాళ్లకు తెలియనే లేదు. ఒకడు తడబడితే పదిమంది ఎత్తుకునే ఆట ఇది. ఊరికి దీని విలువ అక్కడే ఉందని నా నమ్మకం. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ ఇద్దరు నేర్చుకున్న మూడు నెలలూ ఒకరి పాటకు ఒకరు వంత పాడటం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు ఆ గురువులు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. అచ్చు పుస్తకాల్లో మాటలుంటాయి గాని వరస ఉండదు. అది వాళ్ల గొంతులోనే ఉంది. మీ ఊళ్లో అలాంటి పెద్దమనిషి ఉంటే ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూర్చోండి. ఒక్క ప్రవేశ దరువు పాడించుకొని ఫోన్లో రికార్డు చేయండి. వంత మీరే పాడండి.