నిరాకరణ హక్కు, నిషేధ ప్రకటన: స్వతంత్ర ఎస్కార్టుల క్లయింట్ల వడపోతలో జాతివివక్ష

వ్యాససంగ్రహం

అమెరికాలో స్వతంత్రంగా పనిచేసే ఎస్కార్టులు తమ వద్దకు రాదలచిన పురుషులను ముందుగా విచారించి ఎంచుకొంటారు. ఈ వడపోత వారి ప్రాణరక్షణకు అవసరమైన పని. అయితే కొందరు తమ ప్రకటనల్లోనే నల్లజాతి పురుషులను కలవబోమని రాస్తారు. దీనికి సమర్థనగా భద్రత, వ్యక్తిగత ఇష్టం అనే రెండు వాదాలు వినిపిస్తాయి. ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించడం, నిరాకరించే హక్కును సంపూర్ణంగా అంగీకరిస్తూనే జాతిపరమైన నిషేధ ప్రకటనను ఎందుకు విమర్శించాలో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లైంగిక వృత్తి, వడపోత, జాతివివక్ష, సమ్మతి, గణాంకపర వివక్ష, నిరాకరణ హక్కు.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యవిమర్శలో వేశ్యను గూర్చిన చర్చ చాలావరకు ఆమెను ఎవరు కోరుకొన్నారనే కోణం నుంచి సాగింది. ఆమె ఎవరిని కాదన్నది, ఏ కారణంతో కాదన్నది అనే ప్రశ్న తక్కువగా వినిపిస్తుంది. కన్యాశుల్కంలో మధురవాణి విశిష్టంగా తోచడానికి ఒక కారణం, ఆమె తన చుట్టూ ఉన్న మగవారిని తూచి చూడగల మనిషి కావడమే. నేటి అమెరికన్ నగరాల్లోని స్వతంత్ర ఎస్కార్టుకు ఈ తూచడమే నిత్యకృత్యం. మధ్యవర్తి గాని యజమాని గాని లేకుండా తానే ప్రకటన ఇచ్చుకొని, ధర, సమయం, స్థలం తానే నిర్ణయించుకొనే వృత్తిదారు ఆమె. ఎవరిని లోపలికి రానివ్వాలన్నదీ ఆమె నిర్ణయమే.

ఆ నిర్ణయం కొన్ని ప్రకటనల్లో ‘నో ఏఏ’ అనే పొట్టి వాక్యంగా కనిపిస్తుంది. ‘ఏఏ’ అంటే ఆఫ్రికన్ అమెరికన్. కొందరు దీనికి వయసును జోడించి, ఫలానా వయసు లోపు నల్లజాతి పురుషులు సంప్రదించవద్దని రాస్తారు. ఇలా రాసేవారు చట్టం చేతిలోనూ సమాజం చేతిలోనూ అవమానాలు పడుతున్న స్త్రీలు. పీడితులు చేసే వివక్షను ఏ కొలమానంతో కొలవాలన్నది ఇక్కడ ఎదురయ్యే చిక్కు ప్రశ్న.

2. వడపోత: ఒక భద్రతా శ్రమ

నెవాడా రాష్ట్రంలోని కొన్ని కౌంటీల్లో లైసెన్సు గల గృహాల వంటివాటిని మినహాయిస్తే అమెరికాలో దాదాపు అన్నిచోట్లా లైంగిక సేవల విక్రయం నేరం. దాడి జరిగినా పోలీసుల వద్దకు వెళ్లడానికి ఎస్కార్టు జంకుతుంది. కనుక ఆమెకు రక్షణ అనేది దాడి తరువాత దొరికేది కాదు, తలుపు తీయడానికి ముందే సమకూర్చుకోవలసినది. క్లయింటు అసలు పేరు, ఉద్యోగ వివరాలు, గతంలో అతడిని కలిసిన ఇతర ఎస్కార్టుల హామీ, ముందస్తు చెల్లింపు, ఫోను సంభాషణ వంటివి ఇందులో భాగం. వేతనం లేని ఈ పనిని శ్రమగా గుర్తించకుండా చేసే ఏ విమర్శ అయినా అన్యాయమే అవుతుంది.

2018 ఏప్రిల్ 6న బ్యాక్‌పేజ్ అనే ప్రకటనల వేదికను అమెరికా ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. అదే నెల 11న ‘ఫోస్టా’ చట్టంపై అధ్యక్షుని సంతకం పడింది. మానవ అక్రమ రవాణాను అరికట్టడం దాని ప్రకటిత లక్ష్యం. కాని చట్టపరమైన బాధ్యతకు భయపడి పలు వేదికలు లైంగిక వృత్తిదారులకు చోటు నిరాకరించాయి. దానితో ప్రకటనలతో పాటు పరస్పర హెచ్చరికల మార్గాలూ కుంచించుకుపోయాయి. సమాచారం కరవైనచోట ఊహ పెరుగుతుంది. జాతి అనే సులభమైన గుర్తు ఆ ఊహకు ఆసరా అవుతుంది.

3. భద్రతావాదానికి ఒక పరీక్ష

నల్లజాతి యువకులలో దళారులు ఉంటారని, క్లయింట్ల వేషంలో వచ్చి స్వతంత్రంగా పనిచేసే స్త్రీలను లొంగదీసుకొంటారని ఈ నిషేధాన్ని సమర్థించేవారు చెబుతారు. ఈ భయాన్ని కేవలం నటనగా కొట్టివేయనవసరం లేదు. అయితే వాదంగా దీన్ని పరీక్షించవలసిందే.

ఒక ఎస్కార్టు పేరు, ఉద్యోగం, హామీలు అన్నీ సరిచూసింది అనుకొందాం. ఆ పరిశీలన నమ్మదగినదైతే, అందులో నెగ్గిన నల్లజాతి పురుషుణ్ణి కాదనడానికి భద్రత కారణం కాజాలదు. పరిశీలన నమ్మదగినది కాకపోతే, అదే పరిశీలనలో నెగ్గి వచ్చే శ్వేతజాతి పురుషుడూ అంతే ప్రమాదకరం. మొదటి సందర్భంలో జాతినిబంధన అనవసరం, రెండవ సందర్భంలో నిరుపయోగం. ఎటు చూసినా అది పరిశీలనలోని లోపాన్ని పూరించదు, పూరించిందన్న భ్రమను మాత్రం కలిగిస్తుంది.

ఆ భ్రమ ప్రాణాంతకం కాగలదు. గ్రీన్ రివర్ హంతకుడిగా పేరుపడిన గ్యారీ రిడ్జ్‌వే 2003లో 48 హత్యలను కోర్టులో అంగీకరించాడు. హతుల్లో అనేకులు లైంగిక వృత్తిలో ఉన్నవారు. అతడు శ్వేతజాతీయుడు, ఒకే సంస్థలో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసిన ఉద్యోగి. జాతి, ఉద్యోగం అనే రెండు జల్లెడలలోనూ అతడు పట్టుబడే మనిషి కాడు. ఒక ఉదంతం గణాంకం కాదు, నిజమే. కాని తెల్లని చర్మాన్నీ స్థిరమైన కొలువునూ అభయపత్రాలుగా స్వీకరించే పద్ధతి ఏ తలుపును తెరిచి ఉంచుతుందో అది చూపుతుంది. దీనికి భిన్నంగా, బ్రిటన్‌లో 2012 నుంచి పనిచేస్తున్న నేషనల్ అగ్లీ మగ్స్ సంస్థ ఫలానా దాడి, ఫలానా ఫోను నంబరు, ఫలానా వాహనం వంటి నిర్దిష్ట వివరాలతో వృత్తిదారులను హెచ్చరిస్తుంది. భద్రతకు పనికివచ్చే జ్ఞానం వ్యక్తిని గూర్చినది, సమూహాన్ని గూర్చినది కాదు.

ఒక్కొక్కరిని విచారించడం కష్టమైనప్పుడు సమూహ సగటును వ్యక్తికి అంటగట్టడాన్ని ఎడ్మండ్ ఫెల్ప్స్ (1972), కెనెత్ యారో (1973) వంటి అర్థశాస్త్రవేత్తలు గణాంకపర వివక్షగా విశ్లేషించారు. ఈ వివక్ష తనను తానే నిజం చేసుకొంటుంది. ఇతర ఎస్కార్టుల హామీ ఉంటేనే కలుస్తామన్నప్పుడు, మొదటి సమావేశమే దొరకని నల్లజాతి పురుషుడికి హామీ ఎక్కడి నుంచి వస్తుంది? హామీ లేకపోవడం మళ్లీ అతడి మీద అనుమానానికి ఆధారమవుతుంది. పేరున్న సంస్థలో ఉద్యోగం ఉండాలనే పైకి నిష్పాక్షికమైన నియమం కూడా, ఉద్యోగాల విపణిలో అప్పటికే ఉన్న జాతి అసమానతను ఈ గది గుమ్మం వరకు మోసుకొస్తుంది.

4. భయానికి ఉన్న చరిత్ర

నల్లజాతి పురుషుడు శ్వేతజాతి స్త్రీకి సహజంగానే ప్రమాదమన్న భావన ఏ ఎస్కార్టూ కనిపెట్టినది కాదు. మూకహత్యలకు సాకుగా చెప్పే అత్యాచార ఆరోపణల బూటకత్వాన్ని 1892లోనే ఐడా బి. వెల్స్ తన ‘సదరన్ హారర్స్’ కరపత్రంలో బయటపెట్టింది. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపినవారు చూపిన సాకు, అతడు ఒక శ్వేతజాతి స్త్రీతో అనుచితంగా ప్రవర్తించాడన్నదే. ఏంజెలా డేవిస్ 1981లో ‘విమెన్, రేస్ అండ్ క్లాస్’ గ్రంథంలో ఈ కల్పనను ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో చర్చించింది.

లైంగిక వృత్తి చరిత్రలోనూ ఈ గీత స్పష్టంగా ఉంది. న్యూ ఆర్లియన్స్‌లో 1897 నుంచి 1917 వరకు వేశ్యావృత్తికి కేటాయించిన స్టోరీవిల్ ప్రాంతంలో నల్లజాతి స్త్రీలు పనిచేసేవారు, కాని నల్లజాతి పురుషులు క్లయింట్లుగా ప్రవేశించడానికి వీలుండేది కాదు. 1910 నాటి మాన్ చట్టం కింద కుస్తీవీరుల ప్రతిష్ఠకు దీటైన ఖ్యాతి గల బాక్సర్ జాక్ జాన్సన్ 1913లో దోషిగా తేలడం వెనుక ఉన్నది శ్వేతజాతి స్త్రీలతో అతడి సంబంధాలే. అతడికి మరణానంతర క్షమాభిక్ష లభించింది 2018లో. ఫోస్టా చట్టం వచ్చినదీ ఆ సంవత్సరమే. ఈ చరిత్ర తెలిసిన పాఠకుడికి ‘నో ఏఏ’ అనేది కేవలం ఒక వ్యాపార నిబంధనగా కనిపించదు.

5. ‘నా ఇష్టం’ అనే వాదం

భద్రతావాదం నిలవనప్పుడు రెండవ వాదం వస్తుంది: శరీరం నాది, ఇష్టం నాది. దీనికి ఎదురు చెప్పడం అంత సులభం కాదు. లైంగికతపై ఎవరికీ హక్కు లేదని, అయినా మన కోరికలు రాజకీయాలకు అతీతం కావని అమియా శ్రీనివాసన్ 2018 నాటి వ్యాసంలోనూ, 2021లో వచ్చిన ‘ద రైట్ టు సెక్స్’ గ్రంథంలోనూ వాదించింది. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకోవడమే ఇక్కడ అవసరం.

ఎస్కార్టు విషయంలో ఇంకొక సంగతి ఉన్నది. ఆమె సమయాన్ని ఇచ్చేది ప్రధానంగా జీవనోపాధి కోసం. తనకు ఆకర్షణ లేని ఎందరినో ఆమె కలుస్తుంది. అటువంటప్పుడు ఒక్క జాతి విషయంలోనే ఇష్టం అడ్డుపడటానికి వేరే కారణం ఉండవచ్చు. గ్యారీ బెకర్ 1957లో వివక్షను విశ్లేషిస్తూ, యజమానికి స్వయంగా ద్వేషం లేకపోయినా కొనుగోలుదారుల ద్వేషం అతడి చేత వివక్ష చేయించగలదని చూపాడు. నల్లజాతి పురుషులను కలిసే స్త్రీ వద్దకు వెళ్లబోమనే శ్వేతజాతి క్లయింట్లు ఉన్నంతకాలం, నిషేధ ప్రకటన వారికిచ్చే హామీగా కూడా పనిచేస్తుంది. నల్లజాతి ఎస్కార్టులలో కొందరు సైతం ఇదే నిబంధన పెట్టడాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కోణం ఉపకరిస్తుంది. అప్పుడు ‘నా ఇష్టం’ అన్న మాటలో వినిపించేది ఆమె గొంతే అయినా, అందులోని ఇష్టం డబ్బు ఎక్కువగా ఉన్న ఇతరులది. పెళ్లి ప్రకటనల్లో కులం పేరును ‘కుటుంబ అభిరుచి’గా చదవడానికి అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఈ మాటల మార్పిడి కొత్తది కాదు.

6. నిరాకరణ వేరు, నిషేధం వేరు

అలాగని ఎవరినైనా కలిసి తీరాలని ఎస్కార్టును చట్టం నిర్బంధించవచ్చునా? కూడదు. లైంగిక వృత్తిని నేరాల జాబితా నుంచి తొలగించిన న్యూజిలాండ్ 2003 నాటి చట్టం, ఒప్పందం కుదిరిన తరువాత సైతం ఏ క్షణంలోనైనా నిరాకరించే హక్కును 17వ సెక్షన్‌లో స్పష్టం చేసింది. కారణం చెప్పనవసరం లేని నిరాకరణే సమ్మతికి పునాది.

అయితే నిరాకరణ ఒక వ్యక్తికి, ఒక సందర్భంలో ఇచ్చే జవాబు. నిషేధ ప్రకటన ఇంకా ఎదురుపడని లక్షలాది మందిపై ముందుగానే ఇచ్చే తీర్పు. ఈ తేడాను చట్టం వేరొక రంగంలో ఇప్పటికే గుర్తించింది. అమెరికా 1968 నాటి గృహవసతి చట్టం, తాను నివసించే చిన్న ఇంట్లో గదులు అద్దెకిచ్చే యజమానికి ఎంపికలో కొంత మినహాయింపు ఇచ్చింది. కాని జాతి ప్రస్తావనతో ప్రకటన ఇచ్చే స్వేచ్ఛను అతడికి కూడా ఇవ్వలేదు. ఇంటి విషయంలో సాధ్యమైన ఈ విభజన శరీరం విషయంలో నైతిక సూత్రంగానైనా వర్తిస్తుంది.

ముందే చెప్పడం నిజాయితీ కదా, మౌనంగా తిరస్కరించడం కంటే మేలు కదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. ‘శ్వేతజాతీయులకు మాత్రమే’ అన్న బోర్డులూ ఒకనాడు అటువంటి సమాచారాన్నే ఇచ్చాయి. అవి కాదన్నవారికి దారి చూపడంతో ఆగలేదు. చూసిన ప్రతివారికీ ఎవరు మర్యాదస్తులో, ఎవరు కారో నేర్పాయి. పైగా విడివిడిగా విచారించే పద్ధతిలో ఒక మనిషి తన నడవడితో అనుమానాన్ని తొలగించుకొనే అవకాశమైనా మిగులుతుంది. ప్రకటన ఆ అవకాశాన్నే మూసివేస్తుంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• వడపోత న్యాయమైన భద్రతా శ్రమ. దాని భారమంతా ఒంటరి స్త్రీపై పడటానికి ప్రధాన బాధ్యత నేరచట్టానిది.

• జాతి ఆ వడపోతకు ఏ సమాచారాన్నీ అదనంగా చేర్చదు. చరిత్ర మిగిల్చిన భయాన్నీ, ఇతర క్లయింట్ల ద్వేషాన్నీ భద్రతగానో ఇష్టంగానో పేరు మార్చి చూపుతుంది.

• నిరాకరించే హక్కుకు షరతులు ఉండరాదు. జాతిపరమైన నిషేధ ప్రకటనకు మాత్రం ఆ హక్కు రక్షణ కల్పించదు.

కనుక ఈ విమర్శ శిక్షను కోరడం లేదు. పోలీసులకు మరో ఆయుధం అందిస్తే ముందుగా దెబ్బతినేది నల్లజాతి లైంగిక వృత్తిదారులే. కావలసింది వ్యక్తుల గురించి నమ్మదగిన సమాచారాన్ని భయం లేకుండా పంచుకోగల చట్టపరమైన చోటు. అది ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడిన మనిషిని అతడు చేసిన పనులను బట్టి కాదనడం సాధ్యమవుతుంది. చట్టం ఆ చోటు కల్పించేంతవరకు కూడా, తనకు జరుగుతున్న అన్యాయాన్ని చెప్పుకొనే గొంతుతోనే మరొకరిపై జరుగుతున్న అన్యాయాన్ని గుర్తించవలసిన బాధ్యత వృత్తిదారులకూ, వారి హక్కులను సమర్థించే మనబోటి పరిశోధకులకూ ఉన్నది.