మనుచరిత్రలో రూపాకర్షణ: వరూధినీ వృత్తాంతం – మనోవైజ్ఞానిక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రణయబంధం ఏర్పడే తొలిదశలో శారీరక సౌందర్యం వహించే పాత్రను సామాజిక మనోవిజ్ఞానం 1960ల నుండి ప్రయోగాత్మకంగా పరిశీలిస్తున్నది. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని వరూధినీ వృత్తాంతాన్ని ఆ పరిశోధనల వెలుగులో విశ్లేషించడం ఈ వ్యాసం లక్ష్యం. రూపాన్ని చూసి గుణాన్ని ఊహించడమనే సర్వసాధారణ మానవ స్వభావమే వరూధిని పతనానికి మూలమని, దానిని కేవల కామాతిశయంగా నిర్ణయించడం అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మనుచరిత్ర, వరూధిని, మాయాప్రవరుడు, రూపాకర్షణ, హాలో ప్రభావం.

1. ఉపోద్ఘాతం:
శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి పెద్దన, మార్కండేయ పురాణంలోని కథను గ్రహించి ఆరాశ్వాసాల ప్రబంధంగా విస్తరించాడు. విశ్వనాథ సత్యనారాయణ 'అల్లసానివాని అల్లిక జిగిబిగి' మొదలుకొని ఈ కావ్యశిల్పంపై విస్తృతమైన చర్చ జరిగింది. ప్రవర వరూధినుల ఘట్టాన్ని ధర్మ కామాల సంఘర్షణగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ వ్యాఖ్యానంలో ప్రవరుడు నిగ్రహానికి, వరూధిని చాపల్యానికి ప్రతీకలవుతారు. అయితే ఆమె అతనిలో ఏమి చూసింది, చూసినదాని నుండి ఏమి ఊహించింది అనే ప్రశ్నలకు ఇందులో తగిన చోటు దొరకదు.

2. చూపు నుండి ఊహకు:
ప్రవరుని సౌందర్యం వరూధిని కన్నులలో మాత్రమే ఉన్నది కాదు. కథారంభంలోనే కవి అతనిని మన్మథునితో, చంద్రునితో పోల్చాడు. అతని వైరాగ్యం వల్ల ఆ అందం కోరిన స్త్రీలకు దక్కనిదైందని, తుమ్మెదలకు సంపెంగ వంటిదైందని కూడా చెప్పాడు. అంటే రూపానికీ స్వభావానికీ మధ్య గల ఎడం పాఠకునికి ముందే తెలుసు. వరూధినికి తెలియదు. పాదలేపం కరిగిపోయి, హిమగిరిపై దారి తెలియక నిలిచిన అపరిచితుడే ఆమెకు కనిపించాడు. అతని రూపాన్ని ఆమె జయంతునితో, వసంతునితో, మన్మథునితో తూచి చూసింది. బ్రాహ్మణ జన్మకూ ఇంతటి దేహకాంతికీ పొంతన ఏమిటని ఆశ్చర్యపడింది కూడా. ఆ ఆశ్చర్యంలోనే సత్యానికి ఒక ఆధారం ఉంది. కానీ ఆమె దానిని అనుసరించలేదు.

ఈ స్థితిని మనోవిజ్ఞానం స్పష్టంగా వివరిస్తుంది. ఒక లక్షణంపై ఏర్పడిన సదభిప్రాయం ఇతర లక్షణాల అంచనాకు పాకడాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో 'హాలో ప్రభావం'గా గుర్తించాడు. డయాన్, బెర్షీడ్, వాల్‌స్టర్‌లు 1972లో ఛాయాచిత్రాలతో జరిపిన అధ్యయనంలో, అందమైనవారికి మంచి స్వభావం, సుఖప్రదమైన దాంపత్యం ఉంటాయని పాల్గొన్నవారు ఊహించారు. మంచి తల్లిదండ్రులవుతారన్న విషయంలో మాత్రం అందగాళ్లకు ఆ అదనపు ఆదరణ లభించలేదు. వరూధిని తర్కం ఈ కోవలోనిదే. ఇంతటి రూపవంతుడు రసికుడు కాకుండా ఉంటాడా అన్నది ఆమె చెప్పకుండానే నమ్మిన సూత్రం. యజ్ఞాల ఫలమైన స్వర్గసుఖం ఎదుటనే ఉండగా ఇంకా క్రతువులెందుకని ఆమె వాదించడం ఆ నమ్మకానికి కొనసాగింపే.

3. నిరాకరణ:
అందంలో తమకు తగినవారినే మనుషులు కోరుకుంటారన్న పరికల్పనను ఎలెయిన్ వాల్‌స్టర్ బృందం 1966లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరీక్షించింది. 752 మంది విద్యార్థులను యాదృచ్ఛికంగా జంటలుగా చేసి ఒక నృత్యకార్యక్రమానికి పంపింది. తమ అందం ఏ స్థాయిదైనా అందరూ అందమైన జోడీనే ఇష్టపడ్డారు. మేధ, వ్యక్తిత్వ పరీక్షల ఫలితాలు ఆ ఇష్టాన్ని నిర్ణయించలేదు. కొద్ది గంటల పరిచయంలో రూపానిదే పైచేయి అని దీని సారాంశం.

వరూధినికి ఆ కొద్ది గంటలు కూడా లేవు. అప్సరస అయిన తన అందానికి అతని అందం సరితూగడమే ఆమెకు చాలింది. ప్రవరుని తూనిక వేరు. అగ్నిహోత్రం, తల్లిదండ్రులు, ఇల్లాలు అతని కొలతలు. ఇద్దరూ ఒకరినొకరు చూస్తున్నా, చూస్తున్న విషయం ఒకటి కాదు. హంట్, ఈస్ట్‌విక్, ఫింకెల్‌లు 2015లో ప్రకటించిన 167 జంటల అధ్యయనం ఇక్కడ గమనార్హం. ప్రణయానికి ముందు పరిచయకాలం ఎక్కువైన కొద్దీ జంటల మధ్య రూపసామ్యం తగ్గింది. పరిచయం రూపేతర గుణాలకు అవకాశమిస్తుందని దీని తాత్పర్యం. ప్రవరుడు అగ్నిదేవుని ప్రార్థించి వెళ్లిపోవడంతో వరూధినికి ఆ అవకాశం శాశ్వతంగా పోయింది.

4. మాయాప్రవరుడు:
కథలో అసలు పరీక్ష దీని తరువాతనే ఉంది. గతంలో వరూధిని తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వచ్చాడు. ఇక్కడ పెద్దన రెండు పోలికలను మన ముందుంచాడు. వ్యక్తి ఒకడే, రూపం మారింది: సొంత రూపంలో తిరస్కృతుడు, పరరూపంలో ఆదృతుడు. రూపం ఒకటే, వ్యక్తి మారాడు: ఆమెకు తేడా తెలియలేదు. ఇంతవరకు చూస్తే రూపమే సర్వస్వమని తీర్మానించవచ్చు.

కానీ రెండు అంశాలు ఆ తీర్మానాన్ని అడ్డుకుంటాయి. మొదటిది, గంధర్వునికి రూపం ఒక్కటే చాలలేదు. ప్రవరుని మాటతీరును, విముఖతను కూడా అతడు నటించవలసి వచ్చింది. ఆ నిరాకరణ అప్పటికే వరూధిని ప్రేమించిన ప్రవరునిలో భాగమైపోయింది. రెండవది, సంగమ సమయంలో ఆమె కన్నులు మూసుకోవాలన్న నియమం. ఏ రూపం కోసం ఆమె ఇంత తపించిందో, ఆ రూపం కీలక క్షణంలో కంటికి లేదు. మనసులో మాత్రమే ఉంది. ఆమె ధ్యానించిన ప్రవరుని తేజస్సుతోనే స్వరోచి జన్మించాడు. స్నైడర్, టాంకే, బెర్షీడ్‌ల 1977 నాటి టెలిఫోను ప్రయోగంలో, అవతలి స్త్రీ అందగత్తె అని నమ్మిన పురుషులతో మాట్లాడిన స్త్రీల సంభాషణ మరింత స్నేహపూర్వకంగా మారింది. నమ్మకం వాస్తవాన్ని కల్పించగలదని ప్రయోగం చూపినదాన్ని కావ్యం తన పద్ధతిలో చెప్పింది.

పైగా, ఆమె అంగీకారం ప్రవరునికి ఇచ్చినది, గంధర్వునికి కాదు. ఈ వంచనను చమత్కారంగా మాత్రమే చదివి, తప్పునంతా వరూధిని చాపల్యంపై మోపడం విమర్శకు తగదు.

5. ముగింపు:
పై అధ్యయనాలు ఎక్కువగా అమెరికా విద్యార్థులపై జరిగినవి. పదహారవ శతాబ్ది ప్రబంధ నాయికను వాటితో పూర్తిగా కొలవడం సాధ్యం కాదు. అవి కావ్యానికి తీర్పు చెప్పలేవు, చదువరికి కొత్త ప్రశ్నలను మాత్రం అందిస్తాయి. ఆ ప్రశ్నలతో చదివినప్పుడు, రూపం ప్రణయానికి ద్వారమే కాని గృహం కాదని పెద్దన కథనం చూపుతుంది. ద్వారాన్నే గృహమనుకోవడం వరూధిని ఒక్కతె పొరపాటు కాదు. ప్రవరుని అందాన్ని వర్ణనలో ఆస్వాదించి, అదే అందానికి లొంగిన ఆమెను నిందించే పాఠకుడు కూడా ఆ ద్వారం వద్దనే ఉన్నాడు.