విరామం ఎవరిది, వలస ఎవరిది?

విదేశంలో కొన్నేళ్లు పనిచేసి రావడాన్ని మన రచనలు కొందరి విషయంలో అనుభవమనీ, కొందరి విషయంలో వలస అనీ పిలుస్తున్నాయి. ఈ పదభేదంలో వర్గభేదం ఉంది.

కరీంనగర్ రహదారి శామీర్‌పేట మీదుగా, నిజామాబాద్ రహదారి మేడ్చల్ మీదుగా హైదరాబాదు చేరతాయి. శామీర్‌పేటలో నల్సార్, బిట్స్ ఉన్నాయి. అక్కడ చదివి అమెరికా వెళ్లినవాడు మన కథలో నాయకుడు. అతనికి సంశయముంది, స్వగతముంది. అదే దారిన గల్ఫు విమానానికి పోయే రైతుబిడ్డకు మన పాట కన్నీరే మిగిల్చింది. ఎదురుచూసే తల్లి కనిపిస్తుంది. అతని పనిగంటలు, కూలి, పక్క మంచం మీది నేపాలీ తోటివాడు కనిపించడం అరుదు.

1983 వలస చట్టం కింద, పదో తరగతి దాటనివాడు గల్ఫు పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. రక్షణ పేరిట వచ్చిన ఆ నిబంధన ఏజెంటు అప్పు నుంచి గాని, కార్మికుణ్ణి యజమానికి కట్టివేసిన కఫాలా నుంచి గాని ఎందరినో కాపాడలేకపోయింది. అయితే హెచ్-1బి ఇంజనీరు మాత్రం స్వేచ్ఛాజీవా? ఉద్యోగం పోతే అతనికి దక్కే గడువు గరిష్ఠంగా 60 రోజులు.

ఇద్దరి కష్టం సమానం కాదు. కాని ఇద్దరూ అమ్ముకునేది శ్రమశక్తినే. ఈ బంధుత్వాన్ని గుర్తించని కథ జాలి పుట్టించగలదు గాని వాస్తవికతను అందుకోజాలదు.