కుదించిన 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మ

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో రెండవ కూర్పుగా విస్తరించిన 'కన్యాశుల్కం'ను యథాతథంగా ఆడాలంటే ఒక పూట చాలదు. కుదింపు తప్పదు. అయితే ఎవరి మాటలు కోస్తున్నామన్న దానిలోనే ప్రయోక్త దృక్పథం బయటపడుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్కయ్యతో కలసి చూసిన ప్రదర్శనలో గిరీశం చుట్టలూ, లెక్చర్లూ, కోతలూ ఒక్కటీ తగ్గలేదు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. నాటకం చదవని అక్కయ్య మాత్రం తెర పడగానే, "ఒరేయ్, ఆ బుచ్చమ్మ చివరికి ఏమైందిరా?" అని అడిగింది.

ఆ రంగస్థలం మీద దానికి జవాబు లేదు. గురజాడ వద్ద ఉంది. సౌజన్యారావు పంతులు ఆమెను పూనా విడోస్ హోముకు పంపిస్తాడు. గిరీశం పన్నాగం బెడిసికొడుతుంది. సంస్కరణ పేరు చెప్పి బాలవితంతువును లేవదీసుకుపోయినవాడికి నాటకకర్త విధించిన తీర్పు అది. దానిని కత్తిరిస్తే మిగిలేది ఒక మాటకారి విజయగాథ. గిరీశం మీద గురజాడ ఎక్కుపెట్టిన వ్యంగ్యమే అతనికి కిరీటమవుతుంది.

ప్రయోక్తలకు ఒకటే మనవి. చుట్టలు రెండు తగ్గించండి. బుచ్చమ్మను మాత్రం పూనా దాకా చేర్చండి.